ప్రైవేటు జెట్ లోపలి పని: యజమాని తరఫు నిపుణుడు ఏ రోజున రావాలి?

కర్మాగారం నుంచి అప్పుడే బయటికి వచ్చిన పెద్ద ప్రైవేటు జెట్‌ను చూస్తే అది కోట్ల డాలర్ల వస్తువని నమ్మబుద్ధి కాదు. ఒంటి మీద రంగుండదు, లోహం పాడవకుండా పూసిన ఆకుపచ్చ ప్రైమరే ఉంటుంది. లోపల సీట్లూ ఉండవు, గోడలూ ఉండవు. పక్కటెముకల్లా వరుసగా నిలిచిన లోహపు చట్రాలు, వాటి వెంబడి కట్టలుగా సాగే వైర్లు, సీట్లు బిగించడానికి నేల మీద పరిచిన పట్టాలు కనిపిస్తాయి. ఆ ప్రైమరు రంగు వల్లనే ఈ దశలో ఉన్న విమానానికి ‘గ్రీన్’ విమానం అనే పేరు వచ్చింది. ఎగరడానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. మనిషి కూర్చుని ప్రయాణించడానికి కావలసినది ఒక్కటీ లేదు.

ఆ వెలితిని పూరించే పనిని ఈ రంగంలో ‘కంప్లీషన్’ అంటారు. విమానం ఒక చోట పుట్టి మరో చోట ఈ పని పూర్తి చేసుకోవడం మామూలే. దస్సో ఫాల్కన్ జెట్లు ఫ్రాన్స్‌లోని బోర్డో పక్కన మెరిన్యాక్‌లో తయారై, అట్లాంటిక్ దాటి అమెరికాలోని లిటిల్ రాక్ చేరి అక్కడ క్యాబిన్ అమర్చుకుంటాయి. బొంబార్డియర్ గ్లోబల్ శ్రేణి జెట్లు టొరంటోలో రూపుదిద్దుకుని మాంట్రియల్‌లో పూర్తవుతాయి. ప్రయాణికుల విమానాల ఒడ్డూ పొడుగూ ఉన్న బోయింగ్ బిజినెస్ జెట్, ఎయిర్‌బస్ కార్పొరేట్ జెట్ లాంటివైతే బాసెల్, హాంబర్గ్, ఇండియానాపొలిస్ వంటి నగరాల్లోని కంప్లీషన్ కేంద్రాలకు వెళ్తాయి. చిన్న జెట్‌కు కొన్ని నెలలు చాలు. బోయింగ్ 737 అంత విమానానికి దాదాపు ఏడాది, 747 వంటి రెండు నడవల విమానానికి రెండేళ్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది.

ఇన్ని నెలలూ బల్లకు ఒకవైపు కంప్లీషన్ కేంద్రం కూర్చుంటుంది. దానికి డిజైన్ ఇంజినీర్లు, బలాబలాల లెక్కలు వేసేవారు, విమానయాన అధికారుల ఆమోదం సంపాదించే సర్టిఫికేషన్ నిపుణులు, ప్రాజెక్టు మేనేజర్లు, న్యాయవాదులు ఉంటారు. ఇలాంటి విమానాలను పదుల సంఖ్యలో పూర్తి చేసిన అనుభవం ఉంటుంది. రెండోవైపు కూర్చునే యజమాని జీవితంలో ఒకటో రెండో సార్లు మాత్రమే ఈ పని చేయిస్తాడు. ఈ అంతరాన్ని తగ్గించడానికే యజమాని తన తరఫున ఒక నిపుణుణ్ని పెట్టుకుంటాడు. కంప్లీషన్ మేనేజరు, యజమాని ప్రతినిధి, సాంకేతిక సలహాదారు అని రకరకాల పేర్లతో పిలుస్తారు. హ్యాంగర్‌లో, అంటే విమానాన్ని నిలిపి పని చేసే షెడ్డులో, నిలబడి పని చేయించే మేస్త్రీలాంటి వాడని చాలామంది అనుకుంటారు. హ్యాంగర్ పనీ ఉంటుంది, అది తక్కువదేమీ కాదు. అయితే అతని పనిలో అన్నిటికంటే విలువైన భాగం విమానం హ్యాంగర్‌లోకి రాకముందే, కాగితం మీద జరిగిపోతుంది. ఆ కాగితాల మీద సంతకాలయ్యాక వచ్చినవాడు తప్పును చూడగలడు గానీ ఆపలేడు.

వందల పేజీల్లో ఒక వాక్యం

కేంద్రంతో కుదిరే ఒప్పందానికి ప్రాణం స్పెసిఫికేషన్. సీటు కుట్టు నుంచి కాఫీ యంత్రానికి వెళ్లే నీటి గొట్టం దాకా ఏది ఎలా ఉండాలో చెప్పే పత్రం అది. పెద్ద విమానానికైతే వందల పేజీలు సాగుతుంది. అందులో ఎక్కడో ‘ప్రయాణంలో క్యాబిన్ శబ్దం 50 డెసిబెళ్లు దాటరాదు’ అని ఒక వాక్యం ఉందనుకుందాం. చదివితే స్పష్టంగానే ఉంది. యజమానికి నచ్చుతుంది, న్యాయవాదికి అభ్యంతరమేమీ కనిపించదు. అనుభవమున్న నిపుణుడు మాత్రం అక్కడ ఆగి, ఏ డెసిబెళ్లు అని అడుగుతాడు.

శబ్దాన్ని కొలిచే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. మనిషి చెవి వినే తీరుకు దగ్గరగా, వినిపించే పౌనఃపున్యాలన్నిటినీ లెక్కలోకి తీసుకునేది ‘ఎ’ కొలత. ప్రైవేటు జెట్ల రంగంలో బాగా వాడుకలో ఉన్న ‘ఎస్‌ఐఎల్’ (స్పీచ్ ఇంటర్‌ఫియరెన్స్ లెవెల్) కొలత వేరు. మాటలు వినడానికి శబ్దం ఎంత అడ్డు తగులుతుందో చెప్పడం దాని ఉద్దేశం, అందుకని సాధారణంగా 1,000, 2,000, 4,000 హెర్ట్జ్ దగ్గరి శబ్దాల సగటు తీస్తారు. విమానం నడుము పొడవునా వినిపించే లోతైన రొద ఈ సగటులోకి రాదు. కాబట్టి అదే క్యాబిన్‌లో, అదే సీటు దగ్గర, అదే నిమిషంలో కొలిచినా ఎస్‌ఐఎల్ అంకె ‘ఎ’ అంకె కంటే తక్కువ వస్తుంది. పద్ధతి పేరు రాయని వాక్యం ఉంటే కేంద్రం తనకు అనుకూలమైన కొలతనే చూపుతుంది. దాన్ని మోసం అనడానికి లేదు, ఒప్పందం ఇచ్చిన స్వేచ్ఛ అది. ఎంత ఎత్తులో, ఎంత వేగంతో, ఏ సీట్ల దగ్గర, గ్యాలీ (విమానంలోని వంటగది) ఫ్యాన్లు తిరుగుతుండగా కొలవాలా ఆపేశాక కొలవాలా అన్నవి కూడా ముందే రాసుకోవాలి. అన్నీ కలిపితే అరపేజీ అవుతుంది. ఆ అరపేజీ లేకపోతే ఏమవుతుంది? తుది పరీక్షా ప్రయాణంలో పడకగది రొద పెడుతోందని తెలిసినప్పుడు, గోడలు విప్పి ఇన్సులేషన్ మళ్లీ నింపే ఖర్చు ఎవరిదన్న వాదన మొదలవుతుంది. పైగా ఇన్సులేషన్ అంటే బరువు.

ఈ పనిలో అన్నిటికంటే మొండి లెక్క బరువుదే. విమానం ఎంత బరువుతో గాలిలోకి లేవవచ్చో చెప్పే గరిష్ఠ పరిమితి ఒకటి ఉంటుంది. ఆ పరిమితి దగ్గర, క్యాబిన్‌లో పెరిగిన ప్రతి కిలోనూ ఇంధనంలోనో మనుషుల్లోనో తగ్గించుకోక తప్పదు. సుదూర ప్రయాణాలకు ఉద్దేశించిన పెద్ద జెట్ గంటకు సుమారు 1,400 కిలోల ఇంధనం వాడుతూ 900 కిలోమీటర్లు పోతుందనుకుందాం. రాతి పలకలు, దళసరి తివాచీ, చివరి నిమిషంలో కోరిన అల్మారా కలిసి అనుకున్నదానికంటే 280 కిలోలు ఎక్కువయ్యాయి. ఆ మేరకు ఇంధనం తగ్గిస్తే ప్రయాణం 12 నిమిషాలు, అంటే 180 కిలోమీటర్లు కురచవుతుంది. ఎదురుగాలి బలంగా వీచే రోజున, ఆగకుండా గమ్యం చేరడానికీ మధ్యలో దిగి ఇంధనం నింపుకోవడానికీ ఉన్న తేడా ఆ 180 కిలోమీటర్లే కావచ్చు. అందుకే మంచి నిపుణుడు పూర్తయిన విమానం బరువుకు ఒప్పందంలో హామీ అంకె రాయిస్తాడు. అది దాటితే కిలోకు ఇంత అని పరిహారం రాయిస్తాడు. తర్వాత నెలనెలా బరువు పట్టిక తెప్పించుకుని చూస్తాడు. నిజమైన రాయే కావాలనుకుంటే, దాన్ని మిల్లీమీటర్ల మందాన కోసి తేనెపట్టు అల్లిక ఉన్న తేలికపాటి పలక మీద అంటించే పద్ధతి ఉంది. ఆ మాట డిజైనర్ బొమ్మ గీస్తున్నప్పుడే చెప్పాలి. రాయి కొన్నాక చెప్పి ప్రయోజనం లేదు.

డిజైన్ పని రెండు సమీక్షల మీదుగా నడుస్తుంది. ప్రాథమిక సమీక్ష దాకా మార్పులకు చోటుంటుంది. తుది సమీక్షలో సంతకం పడ్డాక బొమ్మ స్థిరపడినట్టే. ఆ తర్వాత మంచం పక్కన చదువుకునే దీపాన్ని ఒక జానెడు ముందుకు జరపమన్నా అది చిన్న కోరిక కాదు. దీపాన్ని పట్టి ఉంచే బిగింపు మారుతుంది, దాని వెనక ప్యానెల్ బలం లెక్క మారుతుంది, వైరు దారి మారుతుంది, ఆ మూడింటి డ్రాయింగులూ తిరిగి ఆమోదం పొందాలి. ప్యానెల్ అప్పటికే తయారై ఉంటే పక్కన పారేయాలి. ప్రతి మార్పు ఉత్తర్వుకూ డబ్బుతోపాటు రోజులు కూడా పడతాయి. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల! అట్టతోనో ప్లైవుడ్‌తోనో క్యాబిన్‌కు నిలువెత్తు నమూనా కట్టించి, తుది సమీక్షకు ముందే యజమానినీ కుటుంబాన్నీ అందులో ఒక పూట కూర్చోబెట్టే నిపుణుడు ఇలాంటి మార్పుల్లో చాలావాటిని అక్కడికక్కడే తీర్చేస్తాడు. కూర్చుని చేయి చాచినప్పుడు దీపం స్విచ్చి అందకపోతే ఆ సంగతి అట్ట నమూనాలోనే తెలిసిపోతుంది.

అద్దెకు తిప్పుతారా?

మొదటి సమావేశంలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రంగుల గురించి, తోలు గురించి మాట్లాడుకోకముందే అడగాలి. ఈ విమానాన్ని ఎప్పుడైనా ఇతరులకు అద్దెకు ఇచ్చే ఆలోచన ఉందా?

పెద్ద జెట్లకు వర్తించే అమెరికా నియమాలు ప్రయాణికుల విమానాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఉదాహరణకు, విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి కూర్చునే సీటుకూ అత్యవసర ద్వారానికీ మధ్య దారికి అడ్డంగా తలుపు ఉండరాదు. పడకగది, సమావేశపు గది, ఆంతరంగిక కార్యాలయం కోరుకునే యజమానికి ఈ నియమం గొంతులో ముల్లులా ఉంటుంది. ఒక్కొక్క విమానానికీ విడివిడిగా మినహాయింపులు ఇచ్చుకుంటూ పోయిన తర్వాత, 2009లో అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ సొంత వాడకానికి పరిమితమైన పెద్ద విమానాల క్యాబిన్ల కోసం ఎస్‌ఎఫ్‌ఏఆర్ 109 అనే ప్రత్యేక నిబంధన తెచ్చింది. కొన్ని షరతులకు లోబడి తలుపుల వంటి విషయాల్లో అది వెసులుబాటు ఇస్తుంది. యూరప్ నియమావళిలోనూ ఇలాంటి వెసులుబాటుకు ఒక అనుబంధం ఉంది.

అమెరికా నిబంధనకు ఒక షరతు ఉంది. దాని కింద ఆమోదం పొందిన క్యాబిన్‌తో డబ్బు తీసుకుని ప్రయాణికులను తిప్పకూడదు. పూర్తయిన రెండేళ్లకు, ఖాళీగా ఉన్న రోజుల్లో అద్దెకు ఇస్తే నిర్వహణ ఖర్చులు కొంత కలిసొస్తాయి కదా అన్న ఆలోచన యజమానికి వస్తే, అప్పటికే తలుపులు బిగించేసి ఉంటాయి. ఆ ఆలోచన కొనబోయేవాడికి వచ్చినా అంతే, అమ్మకపు ధర మీద దాని ప్రభావం పడుతుంది. కాబట్టి ఈ ప్రశ్నకు వచ్చే జవాబు గదుల అమరికను, సీట్ల ఎంపికను, చివరికి విమానం విలువను కూడా నిర్ణయిస్తుంది. డిజైనర్ అడగడు, అది అతని పని కాదు. కేంద్రం అడగవచ్చు, కానీ యజమాని మనసులో అయిదేళ్ల తర్వాతి ప్రణాళిక ఏమిటో తవ్వి చూడాల్సిన బాధ్యత దానికి లేదు. తన మనిషే అడగాలి.

విమానాన్ని ఏ దేశంలో రిజిస్టరు చేస్తారన్నది కూడా ఇలాంటిదే. అమెరికా ఆమోదాన్ని యూరప్‌లో, యూరప్ ఆమోదాన్ని మరో దేశంలో చెల్లుబాటు చేయించుకోవడానికి వేరే ప్రక్రియ, వేరే వ్యవధి ఉంటాయి. మధ్యలో మనసు మార్చుకుంటే నెలలు పోతాయి.

గోడ వెనక ఉన్నది

విమానంలో వాడే ప్రతి వస్తువూ నిప్పుకు జవాబు చెప్పాలి. గోడ ప్యానెళ్ల ముక్కను నిలువుగా వేలాడదీసి 60 సెకన్లు మంట పెడతారు. మంట తీశాక సగటున 15 సెకన్లలోగా అది తనంతట తాను ఆరిపోవాలి, కాలిన పొడవు 6 అంగుళాలు దాటకూడదు. తోలు, తెరలు, తివాచీల వంటివాటికి మంట పెట్టేది 12 సెకన్లు, కాలిన పొడవుకు హద్దు 8 అంగుళాలు. సీటు దిండ్ల పరీక్ష ఇంకా కఠినం. ఆయిల్ బర్నర్ మంటను రెండు నిమిషాలు తగిలిస్తారు, దిండు బరువులో పది శాతానికి మించి పోకూడదు. దిండును నురుగు, అగ్నిరోధక పొర, పైతోలు కలిపి ఒకటిగా పరీక్షిస్తారు. అందుచేత ఎక్కడో చూసి ముచ్చటపడిన చేనేత పట్టును సీటుకు తొడగాలంటే, ఆ పట్టు విడిగా ఎంత మంచిదైనా సరిపోదు. ముందే కొంత గుడ్డ తెప్పించి కాల్చి చూడాలి.

ప్రమాదంలో వచ్చే కుదుపుకూ ప్రతిదీ జవాబు చెప్పాలి. విమానం ఉన్నట్టుండి ఆగిపోతే ముందుకు తోసే బలం వస్తువు బరువుకు 9 రెట్లు ఉన్నా అది ఊడి రాకూడదని నియమం. 40 కిలోల అల్మారా ఆ క్షణంలో 360 కిలోల బరువై ముందుకు ఉరుకుతుంది. దాన్ని పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు, వాటి కింద నేల పట్టాలు. సీట్లకు 1988 నుంచి ఇంకా కఠినమైన, బొమ్మ మనిషిని కూర్చోబెట్టి చేసే 16 రెట్ల పరీక్ష ఉంది. నడవకు పక్కగా తిరిగి ఉండే సోఫాలంటే సర్టిఫికేషన్ ఇంజినీర్లు జంకేది ఇందుకే. పక్కకు తిరిగి కూర్చున్న మనిషి మెడ, తొడ ఎముకలు కుదుపును తట్టుకునే తీరు వేరు.

ఇవన్నీ పరీక్షల్లో తేలే విషయాలు. ఒక్కోసారి పరీక్ష దాటినదీ ప్రాణం తీస్తుంది. 1998 సెప్టెంబరు 2న న్యూయార్క్ నుంచి జెనీవా బయలుదేరిన స్విస్‌ఎయిర్ 111 విమానం కెనడాలోని హాలిఫాక్స్ సమీపంలో సముద్రంలో కూలి 229 మంది చనిపోయారు. అది ప్రయాణికుల విమానం, అయినా దాని కథ కంప్లీషన్ పనికి సూటిగా తగులుతుంది. విమానం తయారయ్యాక దానిలో ఫస్ట్, బిజినెస్ తరగతుల సీట్లకు తెరలుండే వినోద వ్యవస్థను అదనంగా బిగించారు. కెనడా దర్యాప్తు సంస్థ నాలుగేళ్లకు పైగా శ్రమించి ముక్కలను కూర్చి చూసింది. మంట మొదలై ఉండవచ్చని తేలిన చోట, ఆ వినోద వ్యవస్థకు కరెంటు ఇచ్చే తీగలో రాగి కరిగి మళ్లీ గడ్డకట్టిన గుర్తు దొరికింది. ఆ తీగలోని నిప్పురవ్వకు అగ్ని మొదలవడంతో సంబంధం ఉండి ఉండవచ్చనీ, మొట్టమొదటి రవ్వ అదేనని మాత్రం తేల్చలేమనీ సంస్థ చెప్పింది. మంటను పాకించింది ఇన్సులేషన్ దుప్పట్లకు పైన తొడిగిన లోహపు పూత గల పాలిస్టర్ పొర. అది అప్పటి నిప్పు పరీక్షలో నెగ్గినదే. మరొక సంగతి కూడా బయటపడింది. క్యాబిన్‌కు కరెంటు ఆపేందుకు పైలట్ల దగ్గర ఉండే స్విచ్చి నొక్కినా ఈ వ్యవస్థకు కరెంటు ఆగని విధంగా దాన్ని కలిపారు.

ఆ వ్యవస్థకూ ఆమోద పత్రం ఉంది, సంతకాలు ఉన్నాయి. కాబట్టి సర్టిఫికెట్ ఉంది కదా అన్న ధీమా యజమాని తరఫు నిపుణుడికి ఉండకూడదు. వైరింగ్ పటం తెరిచి ఈ తెరకు, ఈ సౌండ్ వ్యవస్థకు, ఈ ఉపగ్రహ ఇంటర్నెట్ పెట్టెకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, పొగ కనిపిస్తే పైలట్ ఏ స్విచ్చితో ఆపగలడు అని ఒక్కొక్కటీ అడగగలిగినవాడు కావాలి. తోలు నాణ్యత తెలిసినవాళ్లు చాలామంది దొరుకుతారు. ఇది అడగగలిగినవాళ్లు తక్కువ.

ఎవరిని పెట్టుకోవాలి

మంచి నిపుణులు ఎక్కువగా ఈ కేంద్రాల్లోంచే వస్తారు. ప్రాజెక్టు మేనేజరుగానో, క్యాబిన్ ఇంజినీరుగానో, సర్టిఫికేషన్ విభాగంలోనో ఏళ్ల తరబడి పనిచేసి, తర్వాత బల్లకు ఇటువైపు వచ్చినవారు. ఎన్ని విమానాలు పూర్తి చేయించారన్న ప్రశ్న కంటే, ఇదే రకం విమానాన్ని, వీలైతే ఇదే కేంద్రంలో ఎప్పుడు చేయించారన్న ప్రశ్న ముఖ్యం. పాత యజమానులతో మాట్లాడటం ఎలాగూ చేస్తారు. అతను ఇంతకు ముందు పనిచేయించిన కేంద్రాల వారితోనూ మాట్లాడాలి. కేంద్రం వాళ్లు అతణ్ని కఠినుడు అన్నారంటే భయపడనక్కరలేదు. గందరగోళం మనిషి, రోజుకో మాట చెబుతాడు అన్నారంటే మాత్రం ఆలోచించాలి.

పెద్ద సంస్థను కుదుర్చుకుంటే ఇంకో చిక్కు ఉంది. ఒప్పందం కుదిర్చేది పేరున్న పెద్దమనిషి, హ్యాంగర్‌లో కనిపించేది నిన్నగాక మొన్న చేరిన కుర్రవాడు. రోజూ అక్కడ ఉండేదెవరో పేరుతో సహా ఒప్పందంలో ఉండాలి.

ఫీజు ఎలా లెక్కకడతారన్నది అన్నిటికంటే నిశితంగా చూడాలి. మొత్తం ఖర్చులో ఇంత శాతం అని తీసుకునే నిపుణుడికి ఖర్చు పెరిగినకొద్దీ ఆదాయం పెరుగుతుంది. అనవసరమైన మార్పు ఉత్తర్వును ఆపాల్సినవాడు దాని వల్ల లాభపడటం సరైన ఏర్పాటు కాదు. నెలకు ఇంత అనో, రోజుకు ఇంత అనో, మొత్తం పనికి కుదుర్చుకున్న ఫీజనో ఉండాలి. సీట్లు, తోలు, ఎలక్ట్రానిక్స్ అమ్మేవారి నుంచి గానీ కేంద్రం నుంచి గానీ విమానం కుదిర్చిన బ్రోకరు నుంచి గానీ రూపాయి కూడా తీసుకోనని రాతపూర్వకంగా రాయించుకోవాలి. కంచే చేను మేస్తే చెప్పుకునేందుకు మరెవరూ మిగలరు. డిజైనర్‌కే ఈ పర్యవేక్షణ కూడా అప్పగించడం ఇదే కారణం చేత మంచిది కాదు. తన బొమ్మ బరువెక్కువని తానే తీర్పు చెప్పుకోవడం ఎంతటివారికైనా కష్టం.

సొంత పైలట్‌కో, నిర్వహణ ఇంజినీరుకో ఈ పని అప్పగించే యజమానులూ ఉన్నారు. ఆ ఇద్దరి మాటా తప్పక వినాలి. ముఖ్యంగా నిర్వహణ ఇంజినీరు, ఏ వాల్వు ఏ ప్యానెల్ వెనక ఉందో, తనిఖీకి వెళ్లిన ప్రతిసారీ ఏది విప్పాలో చెబుతాడు. దంతపు రంగు పొదుగుడు పని చేసిన ప్యానెల్‌ను అంటించేసి, దాని వెనక ఏటా తెరవాల్సిన వాల్వును దాచిన క్యాబిన్ కొత్తలో చూడముచ్చటగానే ఉంటుంది. అయితే వారికి రోజూ వేరే పని ఉంటుంది, కంప్లీషన్ అడిగేది పూర్తికాలపు మనిషిని.

ఎవరిని పెట్టుకున్నా అతనికి అధికార పత్రం ఇవ్వాలి. ఎంత మొత్తం వరకు మార్పులకు తానే ఒప్పుకోవచ్చో, ఏవి యజమాని సంతకం లేకుండా కదలకూడదో అందులో ఉండాలి. కేంద్రానికి వెళ్లే ప్రతి మాటా అతని ద్వారానే వెళ్లాలి. కుటుంబంలో ఒకరు తివాచీ రంగు మార్చమని, డిజైనర్ ఇంకొకటి కావాలని, పైలట్ మరొకటి పెట్టమని వేరువేరుగా ఫోన్లు చేస్తే, ఎవరి మాట విన్నా కేంద్రానికి బిల్లు రాసుకునే హక్కు ఉంటుంది.

ఉపకాంట్రాక్టర్ల ఆర్థిక స్థితిని కూడా ఒప్పందానికి ముందే చూడాలి. అమెరికా అధ్యక్షుడి కోసం రెండు 747-8 విమానాలను మార్చడానికి బోయింగ్ 2018లో 390 కోట్ల డాలర్ల స్థిర ధరకు ఒప్పుకుంది. లోపలి పని చేయాల్సిన ఉపకాంట్రాక్టరుతో 2021లో తెగతెంపులు చేసుకుని కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆ విమానాలు అనుకున్నదానికంటే ఏళ్లు వెనకబడ్డాయి. అంత పెద్ద సంస్థకు తప్పని చిక్కు, ఒక్క విమానం ఉన్న యజమానికి ఇంకా గట్టిగా తగులుతుంది.

హ్యాంగర్‌లో

పని మొదలయ్యాక నిపుణుడు తప్పక ఉండాల్సిన రోజులు కొన్ని ఉంటాయి. కలపను ఎంచుకునే రోజు వాటిలో ఒకటి. క్యాబిన్‌లో కనిపించే చెక్క నిజానికి అర మిల్లీమీటరుకు అటూ ఇటూ మందమున్న పొర, దాన్ని తేలికపాటి ప్యానెల్ మీద అంటిస్తారు. ఒకే దుంగ నుంచి వరుసగా తీసిన పొరలకు అంకెలు వేసి అదే వరుసలో అంటిస్తే, గీతలు ఒక ప్యానెల్ నుంచి పక్క ప్యానెల్‌కు తెగకుండా సాగుతాయి. విమానానికంతటికీ ఆ దుంగ సరిపోతుందా, పాడైన ప్యానెల్ మళ్లీ చేయడానికి మిగులుతుందా అన్న లెక్క ఆ రోజే తేలాలి. నమూనాను గోదాము వెలుతురులో చూసి ఒప్పుకోకూడదు, క్యాబిన్‌లో పెట్టబోయే దీపాల కింద చూడాలి. వార్నిష్ పూసిన ముక్క వెనక సంతకం చేసి, ఒకటి కేంద్రం దగ్గర, ఒకటి యజమాని దగ్గర ఉంచుకోవాలి. ఆరు నెలల తర్వాత ఇది ఆ రంగు కాదన్న వాదన వస్తే ఆ ముక్కే సాక్షి.

ఇంకా ముఖ్యమైనది గోడలు మూసే ముందు రోజు. వైర్లు, గొట్టాలు, ఇన్సులేషన్ అన్నీ ఒకేసారి కళ్లకు కనిపించే చివరి అవకాశం అది. చట్రానికీ చట్రానికీ మధ్య ఉన్న ప్రతి గడినీ ఫోటో తీయించే నిపుణులు ఉన్నారు. వైరు కట్ట లోహపు అంచును రాసుకుంటోందా, నీటి గొట్టం వైర్ల పైనుంచి పోతోందా, అక్కడ అతుకు ఉందా అని టార్చి పట్టుకుని చూస్తారు. ఆ ఫోటోలు పదేళ్ల తర్వాత లోపం వెతుక్కునే మెకానిక్‌కు కూడా పనికొస్తాయి.

తర్వాత అంగీకార ప్రయాణం. గంటసేపు చక్కర్లు కొట్టి దిగితే చాలదు, మూడు నాలుగు గంటలైనా ఎత్తులో ఉండాలి. బయట మైనస్ 50 డిగ్రీల చలి మెల్లగా లోపలికి దిగుతుంది. తలుపు పక్కన నేల చల్లబడటం, నీటి గొట్టం గడ్డకట్టడం మొదటి గంటలో తెలియవు. లోపలి గాలి ఒత్తిడికి విమానం ఒళ్లు కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి, నేల మీద అతికినట్టున్న ప్యానెళ్ల మధ్య సందులు మారతాయి, ఎక్కడో కిర్రుమనే చప్పుడు మొదలవుతుంది. నిపుణుడు ఒక్కొక్క సీటులో కూర్చుంటాడు, దాన్ని చివరిదాకా వాల్చి లేపుతాడు. ప్రతి డ్రాయరూ తెరిచి మూస్తాడు. అవెన్లన్నీ, నీటి హీటర్లన్నీ, తెరలన్నీ ఒకేసారి వేసి ఎక్కడ కరెంటు పోతుందో చూస్తాడు. కనిపించిన ప్రతి లోపమూ ‘స్క్వాక్’ జాబితాలోకి ఎక్కుతుంది. వందల్లో ఉన్నా ఆశ్చర్యం లేదు. వాటిలో ఏవి తీరితేనే సంతకం, ఏవి తర్వాత తీర్చవచ్చు, దానికి ఎంత డబ్బు నిలిపి ఉంచాలి అన్న బేరం ఆ రోజే జరగాలి. తొలి ప్రయాణానికి యజమాని తేదీ ప్రకటించేసి ఉంటే ఈ బేరం కేంద్రం వైపు మొగ్గుతుంది. అందుకని ఆ తేదీ కేంద్రానికి తెలియకుండా చూసుకోవడం కూడా నిపుణుడి పనే.

పాత విమానాన్ని కొని లోపలి పని తిరిగి చేయించేవారికి ఇవన్నీ వర్తిస్తాయి. అదనంగా గ్యాలీ, టాయిలెట్ల కింద నేలలో తేమ వల్ల పట్టిన తుప్పు బయటపడుతుంది. గత యజమాని చేయించిన మార్పులకు కాగితాలు లేకపోతే ఆ పని మళ్లీ ఆమోదం పొందాలి. పెద్ద తనిఖీకి ఎలాగూ క్యాబిన్ విప్పుతారు కాబట్టి రెండూ ఒకేసారి పెట్టుకోవడం తెలివైన పని.

విమానం అప్పగించిన రోజుతో నిపుణుడి పని పూర్తి కాదు. వారంటీ గడువు ముగిసేదాకా ఫిర్యాదుల పట్టిక అతని దగ్గర ఉండాలి. నిప్పు పరీక్షల పత్రాలు, వైరింగ్ పటాలు, నిర్వహణ సూచనలు, గోడలు మూయకముందు తీసిన ఫోటోలు అన్నీ ఒక చోటికి చేర్చి యజమానికి అప్పగించాలి. వాటితోపాటు ఒక చదునైన పెట్టె కూడా ఉంటుంది. ఆ ఒక్క దుంగ నుంచి మిగిలిన చెక్క పొరలు అంకెల వరుస తప్పకుండా అందులో ఉంటాయి. వాటి పక్కన అదే విడతలో తయారైన తోలు రెండు చుట్లు, మూత మీద విమానం రిజిస్ట్రేషన్ నంబరు. ఎండిపోయి పగలకుండా, తేమ అదుపులో ఉన్న గదిలో ఆ పెట్టెను భద్రపరుస్తారు.